తొలిసారి ఓడ యెక్కువారికి

(సాంస్కృతిక సంఘ సభలో గావించిన ప్రసంగ పాఠము)

క్రీ. శ. 1244లో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవునందు ఒక శాసనము వేయించెను. చరిత్రకారులు దానిని అభయశాసనమని పిలుచుచున్నారు. అంతకు పూర్వము గాలివానకు చిక్కి దారి తప్పిన ఓడ గాని, పగిలిన ఓడ గాని తీరమునకు కొట్టుకొని వచ్చినచో, అందలి సరకునంతయు రాజులు బలవంతముగ తీసికొనుట ఆచారముగ నుండెను. ప్రాణములకు తెగించి సముద్రము దాటి వచ్చు వర్తకునకు ఇది గొప్ప అన్యాయమని గణపతిదేవుడు తలచెను. నియతమైన సుంకము తప్ప తక్కిన సర్వస్వము వారికే చెందునని శిలపై చెక్కించి మాట యిచ్చెను. సముద్రయాత్రికునకు తెలుగు నేల యిచ్చిన అభయమది.

ఆ తరువాతి కాలమున తెలుగువారు అనేక కారణములచేత ఓడ లెక్కిరి. కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి వేలాదిమంది శ్రమజీవులు పొట్టకూటికై రంగూనునకు పోయిరి. వారిలో అత్యధికులది డెక్కు ప్రయాణమే. 1948 మార్చిలో విశాఖపట్టణపు నౌకానిర్మాణశాలలో తయారైన ‘జల ఉష’ నౌకకు ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశము గావించెను. అండమానుకు ప్రయాణికులను చేరవేసిన ‘స్వరాజ్ ద్వీప్’ నౌకయు ఆ శాలలోనే పుట్టినది. ఇట్లు ఓడను కట్టుటయు, ఓడపై కష్టపడుటయు మనవారు ఎరిగినదే. కాని విశ్రాంతికై, వినోదమునకై ఓడ యెక్కుట మాత్రము మనలో చాలమందికి క్రొత్త. ముంబయి, కొచ్చి, చెన్నై రేవులనుండి విహారనౌకలు బయలుదేరుచున్నవి. విశాఖపట్టణమునందు సైతము అట్టి నౌకలకై ప్రత్యేకముగ ఒక టెర్మినలు నిర్మింపబడినది. క్రూజు అను మాట ఇప్పుడు పిల్లల నోట సైతము వినవచ్చుచున్నది.

ఇట్టి యాత్రకు బయలుదేరువా రెవరు? పదవీవిరమణకు రెండు మూడేండ్లున్న ఉద్యోగి, అతని భార్య, సముద్రమును ఒకసారి చూడవలెనని కోరుకొనిన వృద్ధురాలైన తల్లి. చేతిలో నున్నది ఏండ్లతరబడి కూడబెట్టిన సొమ్ము, ఎంతో బ్రతిమాలి మంజూరు చేయించుకొనిన సెలవు. ఈ రెండును వృథా కారాదు. అంతకంటె ముఖ్యముగ ఆ ముగ్గురును క్షేమముగ ఇల్లు చేరవలెను. కావున ఈ ప్రసంగమున వర్ణనకు చోటు తక్కువ, వ్యవహారమునకు చోటెక్కువ.

మొదట తెలిసికొనవలసినది ఓడలలోని భేదము. విహారనౌక యనునది నీటిపై తేలు హోటలు. ఒక రేవున బయలుదేరి, ఒకటి రెండు చోట్ల ఆగి, బయలుదేరిన చోటికే గాని మరియొక రేవునకు గాని చేర్చును. గది, భోజనము, వినోదము అన్నియు అందే. అండమానుకు, లక్షద్వీపములకు పోవు ప్రయాణికుల ఓడ వేరు. అది ద్వీపవాసులకు బస్సు వంటిది. అందు గదులును కలవు, వరుసగ బెర్తులు అమర్చిన పెద్ద హాళ్ళును కలవు. చెన్నైనుండి శ్రీవిజయపురమునకు సుమారు మూడు రోజుల పయనము. 2024 వరకు పోర్టుబ్లెయిరు అనబడిన ఊరే ఇది. ఆ ఓడలో హోటలు సౌఖ్యము నాశించి పోయినవాడు నిరాశపడును. బస్సు ప్రయాణమని తెలిసి పోయినవాడు సంతోషించును. లక్షద్వీపములకు ఆ ద్వీపములవారు కానివారందరును ముందుగ ప్రవేశానుమతి పొందవలెను. అచ్చట ఇంకొక సంగతి అడిగి తెలిసికొనవలెను. పలు ద్వీపముల చుట్టును లోతులేని మడుగు ఉండుటచేత పెద్ద ఓడ ఒడ్డునకు చేరజాలదు. దూరముగ లంగరు వేసిన ఓడనుండి ఊగుచున్న చిన్న పడవలోనికి దిగవలెను. మోకాళ్ళ నొప్పులున్న తల్లికి ఇది చిన్న విషయము కాదు. టిక్కెట్టు కొనుటకు ముందే ఈ ప్రశ్న వేయవలెను గాని, పడవ అంచున నిలిచి వేయరాదు.

రెండవది ఋతువు. పడమటి సముద్రము జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనముచేత కల్లోలముగ నుండును. బంగాళాఖాతమున ఏప్రిల్, మే నెలలలోను, మరల అక్టోబరు నుండి డిసెంబరు వరకును తుఫానులు పుట్టుచుండును. తూర్పు తీరమున తొలి ప్రయాణమునకు జనవరి మొదలు మార్చి వరకు గల కాలము మేలైనది. తొలిసారి రెండు మూడు రాత్రుల యాత్ర చాలును. సముద్రము తన దేహమునకు సరిపడునో లేదో తెలిసిన పిమ్మట వారము రోజుల యాత్రకు పోవచ్చును.

మూడవది గది. కిటికీ లేని లోపలి గది, కిటికీ గల గది, బాల్కనీ గల గది అని సాధారణముగ మూడు తరగతు లుండును. బాల్కనీ గదికి వెల యెక్కువ. కాని ఓడలో ఊపు అందరికి సమానముగ తగులదు. ముందు భాగమునను, వెనుక భాగమునను, పై అంతస్తులయందును ఊపు ఎక్కువ. నడుమ భాగమున క్రింది అంతస్తులలో తక్కువ. ఊయల చివర కూర్చున్నవానికిని, నడుమ కూర్చున్నవానికిని గల భేదమే ఇది. పైగా ఆ క్రింది గదులు తరచుగ చౌకగ దొరకును. సముద్రమును చూచుటకు డెక్కు అందరికి నున్నది. కావున కడుపు తిప్పు స్వభావము గలవారు బాల్కనీకై వ్యయము చేయుటకంటె ఓడ నడుమ గదికై పట్టుబట్టుట వివేకము.

వ్యయమును గూర్చి ఒక హెచ్చరిక. ప్రకటనలో కనబడు ధర కడపటి ధర కాదు. రేవు రుసుము, పన్నులు, సిబ్బందికి ఈనాము, ప్రత్యేక పానీయములు, ఒడ్డుపై విహారములు, ఇంటర్నెట్టు, ఇవి వేరుగ చేరును. ఏవి ధరలో చేరినవో, ఏవి చేరలేదో వ్రాతపూర్వకముగ అడుగవలెను. పెక్కు ఓడలలో నగదు చెల్లదు. గది కార్డు చూపి సంతకము చేసినచో లెక్క పెరుగుచు పోవును. డబ్బు చేతినుండి పోవుచున్నట్లు తోచదు గనుక చేయి జారును. కావున ప్రతి రాత్రియు లెక్కను ఒకసారి చూచుకొని, పొరపాటున్నచో దిగుటకు ముందురోజే సరిచేయించుకొనవలెను. దిగు ఉదయమున ఆ బల్లవద్ద పెద్ద వరుస యుండును.

చేతి ఫోనును గూర్చియు చెప్పవలెను. ఒడ్డు కనుమరుగైన పిమ్మట కొన్ని ఓడలలో ఫోను తనంతట తానే ఓడలోని ఉపగ్రహ సంబంధమును పట్టుకొనును. దాని వెల నేలమీది వెలకు అనేక రెట్లు. ఓడ కదలినంతనే ఫోనును విమానప్రయాణపు స్థితిలో నుంచుట మంచిది. ఇంటివారికి రెండు రోజులు కబురు రాకపోవచ్చునని ముందే చెప్పి పోయినచో వారికి ఆందోళన యుండదు.

పత్రముల సంగతి ఈ సభలోనివారికి వేరుగ చెప్పనక్కరలేదు. అయినను ఒక మాట. దేశములోని రేవుల నడుమ యాత్రకు ఫొటో గల గుర్తింపు పత్రము వలయును. ఓడ శ్రీలంక వంటి పరదేశమును తాకినచో పాస్‌పోర్టు, అవసరమైన వీసా వలయును. పాస్‌పోర్టునకు ఇంకను ఆరు నెలల గడువుండుట క్షేమము. కేంద్రప్రభుత్వోద్యోగి స్వంత పనిమీద విదేశమునకు పోవుటకు శాఖాపరమైన అనుమతిని ముందుగ పొందవలెను. ఓడ ఒక్క పూట పరదేశపు రేవున ఆగినను అది విదేశయాత్రయే. ఇక ఎల్.టి.సి. మాట. ద్వీపములకు నడచు ఓడల చార్జీ వేరు, విహారనౌకలో విందు వినోదములతో కలిసిన ప్యాకేజీ వేరు. ఏది ఎంతవరకు చెల్లునో పాలనా విభాగమునుండి ముందే వ్రాతపూర్వకముగ తెలిసికొనవలెను. తిరిగి వచ్చిన పిదప బిల్లుపై అభ్యంతరములు వచ్చినచో సముద్రము చేసిన మేలంతయు ఒక వారములో కరగిపోవును.

ఓడ రైలువలె గంట ఆలస్యముగ వచ్చినవానికై వేచియుండదు. బయలుదేరు వేళకు చాల ముందే ద్వారములు మూయుదురు. డిసెంబరు, జనవరి నెలలలో ఢిల్లీ పొగమంచుచేత రైళ్ళును విమానములును ఎంత ఆలస్యమగునో ఎరుగనివారు లేరు. కావున ఒక రోజు ముందే రేవు పట్టణము చేరి బస చేయవలెను. ఆ ఒక్క రాత్రి ఖర్చు మొత్తము యాత్రకు బీమా వంటిది.

సామానులో ఏమి పెట్టవలెను? పెద్ద పెట్టెలను రేవులో తీసికొని గదికి చేర్చుటకు పలు గంటలు పట్టును. కావున నిత్యము వాడు మందులు, కండ్లద్దములు, పత్రములు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే యుండవలెను. ఇస్త్రీపెట్టె, నీరు కాచు కడ్డీ, విద్యుత్తు కెటిలు వంటివి ఓడలోనికి రానీయరు. అగరువత్తులు, కర్పూరము, దీపము వెలిగించుట గదిలో పనికిరాదు. పూజ మానవలసినదని అర్థము కాదు. పూవుతో, నామస్మరణతో సరిపెట్టుకొనవలెను. నడిసముద్రమున నీటికంటె నిప్పుకే నావికుడు ఎక్కువ భయపడును, ఏలయన పారిపోవుటకు చోటు లేదు. ఇంట వండిన పదార్థములను పెక్కు విహారనౌకలు అనుమతింపవు. ఆవకాయ జాడీ రేవులోనే ఆగిపోయిన దుఃఖము కలుగకుండవలెనన్న ముందే విచారించుట మేలు.

ఇచ్చట ఒక పాత సంగతి స్మరింపదగినది. 1888 సెప్టెంబరు 4వ తేదీన పందొమ్మిదేండ్లైనను నిండని ఒక యువకుడు న్యాయశాస్త్రము చదువుటకై బొంబాయిలో ఇంగ్లండు ఓడ నెక్కెను. కత్తితో, ముల్లుగరిటెతో తినుట అతనికి చేతకాదు. వడ్డించు పదార్థములలో మాంసము లేనివేవో అడుగుటకు సిగ్గు. ఇంగ్లీషున మాటలాడుటకు బెదురు. కావున భోజనశాలకు పోక, ఇంటినుండి తెచ్చుకొన్న మిఠాయిలు, పండ్లు గదిలోనే తినుచు కాలము గడపెను. ఆ యువకుడే మోహన్‌దాస్ కరంచంద్ గాంధి. తన ఆత్మకథలో ఆయనే ఈ సంగతి దాపరికము లేక వ్రాసికొనెను. తరువాత ఒక సామ్రాజ్యమునే ప్రశ్నించిన ఆ మహాత్ముడు తొలి ఓడ ప్రయాణమున ఒక వడ్డించువానిని ప్రశ్నింపలేకపోయెను.

తొలిసారి ఓడ యెక్కువానికి ఇంతకంటె మంచి పాఠము లేదు. అతనికి పెద్ద శత్రువు కెరటము కాదు, సంకోచము. శాకాహారము కావలెనన్న టిక్కెట్టు కొనునాడే చెప్పవలెను, ఓడలో మొదటి పూటనే భోజనశాల అధికారికి మరల చెప్పవలెను. గదిలో గాలి యంత్రము పనిచేయకున్న, తల్లికి చక్రాల కుర్చీ కావలసియున్న, మెట్ల దారి తెలియకున్న, వెంటనే అడుగవలెను. ఓడలలో పనిచేయువారిలో మన దేశస్థు లెందరో కలరు. నెలల తరబడి ఇల్లు విడిచి పనిచేయు వారు వారు. మర్యాదగ అడిగినవానికి మర్యాదగనే తోడ్పడుదురు. ఆజ్ఞాపించినట్లు అడుగుట మాత్రము కార్యాలయములోనే విడిచి రావలెను. ఓడలో వేతనశ్రేణికి విలువ లేదు. అచ్చట కెప్టెను మాట అందరికి ఆజ్ఞ.

ఇప్పుడు అందరును భయపడు సంగతికి రావలెను. కడుపులో తిప్పుట, వాంతులు, తలతిరుగుట. దీనికి కారణము కడుపులో లేదు, చెవిలో కలదు. చెవి లోపలి భాగమున దేహపు సమతను గ్రహించు సూక్ష్మమైన అవయవము కలదు. ఓడ ఊగుచున్నదని అది మెదడునకు తెలుపును. గదిలో కూర్చున్న కన్ను మాత్రము గోడలు కదలుట లేదని తెలుపును. ఒకే ఫైలుపై రెండు శాఖలు పరస్పర విరుద్ధముగ నోట్లు వ్రాసినప్పుడు పై అధికారికి కలుగు అవస్థయే మెదడునకు కలుగును. కావున చికిత్సయు తేలిక. రెండు సాక్ష్యములను కలుపవలెను. గదిలో పడుకొని పుస్తకము గాని, ఫోను గాని చూచుట మాని, డెక్కుమీదికి వచ్చి, ఓడ నడుమ భాగమున కూర్చుండి, నీరును ఆకాశమును కలియు గీతను చూడవలెను. అప్పుడు కన్నుకూడ ఊపును ఒప్పుకొనును.

ఉపవాసముండుట మంచిదని కొందరు భ్రమపడుదురు. అది సరికాదు. ఖాళీ కడుపును, నిండు కడుపును రెండును చెడ్డవే. నూనె, కారము తగ్గించి కొంచెము కొంచెముగ తినవలెను. అల్లము కొందరికి ఉపశమనము నిచ్చును. సిన్నరిజిన్, ప్రోమెథజీన్ వంటి మందులు వాంతి మొదలగుటకు ముందే వేసికొనినచో పనిచేయును, మొదలైన పిమ్మట కడుపులో నిలువవు. అవి మత్తు కలిగించును. కంటిలో ఒత్తిడి గల నీటికాసు వ్యాధిగ్రస్తులకు, ప్రోస్టేటు గ్రంథి పెరిగిన వృద్ధులకు ఇట్టి మందులలో కొన్ని హాని చేయగలవు. కావున ఇరుగుపొరుగువారి సలహామీద గాక వైద్యుని అడిగియే తీసికొనవలెను. ఇంతయు చేసినను బాధ కలిగినచో సిగ్గుపడ పనిలేదు. ఇంగ్లండు నావికాసేనాపతి నెల్సన్ తన జీవితమంతయు ఈ బాధ పడుచునే యుద్ధములు గెలిచెను. 1831 నుండి 1836 వరకు ‘బీగిల్’ నౌకపై లోకము చుట్టివచ్చిన డార్విన్ సైతము దీనితో ఎంతో కుమిలెను. సామాన్యులకు రెండు మూడు రోజులలో దేహము అలవాటుపడును. దిగిన పిమ్మట నేల ఊగుచున్నట్లు తోచినచో కంగారు పడవలదు, అది తరచుగ ఒకటి రెండు రోజులలో తగ్గును.

ఆరోగ్యమునకు సంబంధించి ఇంక రెండు మాటలు. వేలమంది ఒకే చోట తినుచు, అవే కమ్ములు పట్టుకొని నడచుచుండుటచేత వాంతులు, విరేచనములు కలిగించు నోరోవైరసు ఓడలలో త్వరగ వ్యాపించును. ద్రవముతో చేతులు తుడుచుకొనుటకంటె సబ్బుతో కడుగుకొనుట దానిపై బాగుగ పనిచేయును. తినుటకు ముందు చేతులు కడుగుకొను మన పెద్దల అలవాటు ఇచ్చట శాస్త్రసమ్మతము. ఓడలో వైద్యుడుండును గాని వెల యెక్కువ. నేలమీద చెల్లు ప్రతి బీమాయు సముద్రముపై చెల్లునని అనుకొనరాదు. గుండె జబ్బు గలవారు, గర్భిణీ స్త్రీలు ఓడ కంపెనీ నియమములను, వైద్యుని అభిప్రాయమును తెలిసికొనకుండ టిక్కెట్టు కొనరాదు. నడచునప్పుడు ఒక చేయి ఎల్లప్పుడును కమ్మిపై నుండవలెను. స్నానపుగది గడపలు ఎత్తుగ నుండవచ్చును, బరువైన తలుపులు ఊపుకు తమంతట మూసికొనును. ముసలివారి కాళ్ళు, పిల్లల వ్రేళ్ళు అచ్చటనే గాయపడును.

ఇప్పటివరకు చెప్పినవి మరచినను కలుగునది అసౌకర్యమే. ఇక చెప్పబోవునది మరచినచో ప్రాణహాని కలుగవచ్చును.

1912 ఏప్రిల్ నెలలో ‘టైటానిక్’ మునిగినప్పుడు అందు 2200 మందికి పైగా నుండిరి. ప్రాణరక్షక పడవలలో చోటు 1178 మందికే. సుమారు 1500 మంది మరణించిరి. ఆ విషాదమునుండి 1914లో సముద్రమున ప్రాణరక్షణకై అంతర్జాతీయ ఒడంబడిక పుట్టినది. ఇప్పుడు అమలులో నున్నది 1974లో చేయబడి, పలుమారులు సవరింపబడిన ఒడంబడిక. లోకములోని పలు రాజ్యములు కలిసి వేయించిన అభయశాసనమని దానిని చెప్పవచ్చును. పడవ లెన్ని యుండవలెను, రక్షణ కవచము లెన్ని యుండవలెను, సిబ్బందికి ఏ శిక్షణ నీయవలెను, అన్నియు అందు కలవు.

అయినను శాసనము చాలునా? 2012 జనవరి 13వ తేదీ రాత్రి ఇటలీలోని జిలియో ద్వీపము చెంత ‘కోస్టా కాంకార్డియా’ అను పెద్ద విహారనౌక బండను గ్రుద్దుకొనెను. అందు 4200 మందికి పైగా నుండిరి, 32 మంది మరణించిరి. తప్పు ముఖ్యముగ కెప్టెనుది, అతడు శిక్షింపబడెను. కాని ఒక విషయము గమనింపవలెను. ఆ సాయంకాలమే ఎక్కిన వందలాది ప్రయాణికులకు ఆపద వేళ ఎచ్చటికి పోవలెనో చూపు అభ్యాసము అప్పటికి జరుగలేదు. అది మరునాటికి ఉంచబడినది. 24 గంటలలోపల జరిపిన చాలునని అప్పటి నియమము. ఆపద ఆ 24 గంటలు ఆగలేదు. అటుపిమ్మట నియమము మారినది. 2015 జనవరి 1 నుండి ఓడ కదలుటకు ముందో, కదలిన వెంటనేయో ఈ అభ్యాసము జరిగితీరవలెను.

ఆ అభ్యాసపు వేళ మన ప్రయాణికు లేమి చేయుదురు? కొందరు గదిలో సామాను సర్దుకొనుచుందురు. కొందరు భోజనశాలలో మొదటి పళ్ళెము నింపుకొనుచుందురు. మరికొందరు డెక్కుపై నిలిచి ఫొటోలు తీసికొనుచుందురు. తమ చదువునకు, తమ హోదాకు ఈ పాఠము తక్కువదని భావించువారును లేకపోలేదు. ఇది తగదు. ఆ అరగంట యాత్ర మొత్తమునకు ప్రాణము.

అభ్యాసమున తెలిసికొనవలసినవి కొన్నియే. ఏడు చిన్న కూతలు, వాని వెంట ఒక పొడవైన కూత వినబడినచో అది ఆపద సంకేతము. ప్రతి ప్రయాణికునకు గుమిగూడవలసిన స్థలము ఒకటి నిర్ణయింపబడును, దానిని మస్టర్ స్టేషన్ అందురు. దాని సంఖ్య గది తలుపుపై గాని, కార్డుపై గాని యుండును. గదినుండి అచ్చటికి మెట్ల దారిలో ఒకసారి నడచి చూచుకొనవలెను, ఏలయన ఆపదలో లిఫ్టు ఎక్కరాదు. రక్షణ కవచము ఎచ్చట నున్నదో చూచి, తొడుగుకొని, బిగించుకొని నేర్వవలెను. పిల్లలకు వేరు కొలత గల కవచము అడిగి తీసికొనవలెను. నడువలేని పెద్దలున్నచో ఆ సంగతి సిబ్బంది వద్ద మొదటి రోజే వ్రాయించవలెను, వారికి సాయము చేయువా రెవరో పేరు పేరున తెలిసికొనవలెను. సంకేతము వినబడినప్పుడు వెచ్చని వస్త్రము, నిత్యావసరమైన మందు, కవచము, ఇవి తప్ప మరేదియు తీసికొనరాదు. నగల పెట్టెకై వెనుకకు పోరాదు. ఎవరైనను నీటిలో పడినచో బిగ్గరగ అరచి, దగ్గరనున్న తేలు చక్రమును విసరి, ఆ మనిషిపైనుండి చూపు త్రిప్పక వ్రేలితో చూపుచునే యుండవలెను. కెరటములలో తల ఒకసారి కనుమరుగైనచో మరల కనుగొనుట కష్టము.

తల్లికి ఇంగ్లీషు గాని, హిందీ గాని రాకపోవచ్చును. అప్పుడు ఆ పాఠమును తెలుగున ఆమెకు మరల చెప్పుట కుమారుని విధి. చెప్పి ఊరకొనక, ఆమె చేతనే ఆ దారిని నడిపించి, కవచపు పట్టీని ఆమె వ్రేళ్ళతోనే బిగింపించవలెను. ఆమెను తీర్థయాత్రకు తీసికొనిపోయిన కుమారుడు గుడి మెట్లవద్ద చేయి పట్టుకొనును గదా! ఇదియు అట్టిదే.

ఒడ్డున దిగిన వేళలను గూర్చి కొంచెము. ఓడ గడియారమును, ఒడ్డు గడియారమును పరదేశపు రేవులలో వేరుగ నుండవచ్చును. చేతి గడియారము ఓడ కాలమునే చూపవలెను. ఓడవారు ఏర్పరచిన విహారము ఆలస్యమైనచో ఓడ సాధారణముగ ఆగును, స్వంతముగ పోయినవానికై ఆగదు. లక్షద్వీపములందును, అండమానునందును పగడపు ముక్కలను జ్ఞాపకార్థమై ఏరి తెచ్చుట వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము కాగలదు. అచ్చటి సముద్రము చూచి వచ్చుటకే గాని తెచ్చుకొనుటకు కాదు.

సభాసదులారా! ఇన్ని జాగ్రత్తలు విని సముద్రయాత్ర భయంకరమైనదని తలంపరాదు. తెల్లవారుజామున డెక్కుపై నిలిచినవానికి నలుదిక్కుల నేల కనబడదు. నీటినుండియే సూర్యుడు పైకి వచ్చును. ఏండ్ల తరబడి నాలుగు గోడల నడుమ ఫైళ్ళు చూచిన కన్నులకు ఆ దృశ్యము గొప్ప విశ్రాంతి. వృద్ధురాలైన తల్లి ఆ వేళ కుమారుని ప్రక్కన కూర్చుండి సూర్యునకు నమస్కరించినచో కూడబెట్టిన సొమ్ము సార్థకమైనట్లే. ఆ ఉదయము నిశ్చింతగ గడచుటకే ముందురోజు సాయంకాలపు జాగ్రత్తలన్నియు.

గణపతిదేవుడు శిలపై అభయము వ్రాయించెను. లోకమునందలి రాజ్యములు కాగితముపై వ్రాసికొనినవి. శిలయు, కాగితమును తమ వంతు చేయగలవు. అడుగవలసినది అడిగి, వినవలసినది విని ఆ అభయమును అందుకొనుట మాత్రము ప్రయాణికుని వంతు. తొలిసారి ఓడ యెక్కు తెలుగు సోదరు లందరును క్షేమముగ పోయి, లాభముగ వచ్చెదరు గాక!

స్వస్తి.